కుండ కింద రాయి

మా అమ్మ దృష్టిలో నాది టీచరుద్యోగమే. కాకపోతే పిల్లలకి బదులు రాళ్లకి పరీక్షలు పెడతాను.

నరసరావుపేటలో ఓ చిన్న ల్యాబులో పని నాది. ఎక్కడైనా వంతెనో పంపుహౌసో కట్టాలంటే ముందు అక్కడ భూమిలోకి బోరు దించుతారు. పైపులోంచి రాతిని నిలువుగా, పచ్చడి బండంత లావున కడ్డీలుగా బయటికి లాగుతారు. వాటిని కోర్లు అంటాం. ఆ కోర్లు మా దగ్గరికొస్తాయి. మేం వాటిని కోస్తాం, నానబెడతాం, పొడి చేసి కాలుస్తాం, చివరికి మిషన్లో పెట్టి నలిపి, ఈ రాయి మీద కట్టడం నిలుస్తుందా లేదా అని రిపోర్టు రాస్తాం. ఇదంతా అమ్మకి ఓపిగ్గా చెప్పాను. విని, "అంటే పాసా, ఫెయిలా చెప్తారు. అంతేగా?" అంది. అంతే కాదమ్మా అని చెప్పబోయి, ఎందుకొచ్చిన గొడవలే అని ఊరుకున్నాను.

మా ఊరు రెంటచింతల పక్కనే. ఎండాకాలం టీవీలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ ఎక్కడ కాసిందో చెప్పేటప్పుడు మా వైపు పేరొచ్చిందా, మా వాళ్లు మీసాలు దువ్వుతారు. వేరే ఊరి పేరు చెబితే మాత్రం ఆ టీవీవాడంత అబద్ధాలకోరు ఇంకోడు లేడు. ఇంత ఎండా భరిస్తున్నాం, ఆ పేరన్నా మాకు దక్కాలిగదా అని వాళ్ల బాధ.

మా పొలం గట్టు మీద. సాగర్ కాలవ గట్టు కింద. అమ్మ కాపరానికి వచ్చిన దగ్గర్నించీ ఆ నీళ్లు తన కాళ్ల కింది నుంచి వేరే వాళ్ల పొలాలకి పోతుంటే చూస్తూనే ఉంది. మాది బోరు మీద మిరప. నాన్న పోయాక కూడా అమ్మ సేద్యం మానలేదు. బోరే మానేసింది. పోసిన నీళ్లు చాలక కిందటేడు తోట కళ్లెదురుగా మాడిపోయింది. అప్పుడంది అమ్మ, "ఈసారి ఆ కాలవ లిఫ్టు గనక రాకపోతే జామాయిలు ఏసేసి చేతులు దులుపుకుంటా" అని. జామాయిలు వేయాలంటే ఊళ్లో ఓ మనిషి ఉన్నాడు, మొక్కలు తెచ్చి నాటి, నరికి తీసుకుపోయేదాకా అన్నీ అతనే చూసుకుంటాడు. వినేవాళ్లకి హాయిగానే ఉంటుంది. కానీ మా అమ్మ పొద్దున్నే మిరపతోటలోకి వెళ్లి ఒక్కో మొక్కనీ పేరుపేరునా తిట్టుకుంటూ తిరగకపోతే అన్నం సయించని మనిషి. జామాయిలు చెట్టుని తిట్టడానికేముంటుంది? ఆ మాట అన్న రోజు అమ్మ సరిగ్గా తినలేదు. నాకు చానా దిగులేసింది.

ఆ ఎండాకాలమే లిఫ్టు మాట నిజమయ్యేట్టు కనిపించింది. కాలవ పక్కన పంపుహౌసు కట్టి, నీళ్లని గట్టు మీదికి ఎక్కించి మా వైపు పొలాలకి ఇస్తారట. అంత బరువు మోటార్లు పెట్టాలంటే కింద రాయి గట్టిదై ఉండాలి. మా కింద ఉన్నది షేలు. అంటే ఏనాటిదో బురద, పైబరువుకి ఒత్తుకుని ఒత్తుకుని రాయయింది. పలకలు పలకలుగా ఊడొస్తుంది. మంచి షేలైతే మేడలు మోస్తుంది. చెడ్డదైతే నీళ్లు తగలగానే తన పుట్టుక గుర్తొచ్చి మళ్లీ బురదవుతుంది. పైకి చూస్తే రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. అందుకే పరీక్ష.

రిగ్గు వచ్చింది, బోరు దించారు, కోర్లు తీశారు. ఆ కోరు పెట్టెలన్నీ మా మావయ్య మిరపకాయల షెడ్డులో పెట్టారు. మావయ్య అంటే అమ్మకి అన్న. మా గుడికి ఉపదేశి. ఫాదరు గారు లేనప్పుడు ప్రార్థన నడిపేదీ, ఉన్నప్పుడు ఆయనకి సలహాలిచ్చి విసిగించేదీ మావయ్యే.

షేలుతో ఓ చిక్కుంది. భూమిలో ఉన్న తడి ఆరిందంటే బీటలిచ్చి ఉల్లిపాయ పొరల్లా విడిపోతుంది. అందుకని తీసిన వెంటనే పల్చటి ప్లాస్టిక్ చుట్టి, దాని మీద మైనం కరిగించి పూసి, తడి పోకుండా మూసేయాలి. రిగ్గు వాళ్లు ప్లాస్టిక్ చుట్టారు గానీ వాళ్ల దగ్గర మైనం అయిపోయింది. నేను ల్యాబు నుంచి ఓ డబ్బా బస్సులో పంపి, మావయ్యకి ఫోన్లో అంతా వివరంగా చెప్పాను. కరిగించు, పూయి, ఆరనివ్వు, నీడన పెట్టు.

"ఇంతేనా? ఈ మాత్రం దానికి మీరంతా ఎమ్మెస్సీలు చదవాలా!" అన్నాడు.

కోర్లు మాకే వస్తున్నాయని తెలియగానే మా సారు దగ్గరికి వెళ్లాను. సారుది వినుకొండ. నవ్వితే రిపోర్టులో అంకెలు తారుమారవుతాయేమో అన్నట్టు ఉంటాడు. "సార్, ఇది మా ఊరి రాయి. పంపుహౌసు వస్తే మా అమ్మ పొలానికి నీళ్లొస్తాయి. ఈ పని ఇంకెవరికైనా ఇవ్వండి" అన్నాను.

"పల్నాడు రాయన్నాక ఎవరో ఒకరి ఊరిది కాకుండా ఎట్టా ఉంటదమ్మా? నువ్వే చెయ్యి. ప్రతి అంకె పక్కనా నేను కూర్చుంటా" అన్నాడు. అన్నట్టే కుర్చీ తెచ్చుకుని నా పక్కనే వేసుకున్నాడు.

అమ్మ ఫోన్లు మొదలయ్యాయి. "ఏమే, మన రాయి ఎట్టుంది?" అని. అత్తారింటికి పంపిన కూతురి సంగతి అడిగినట్టు. జపమాలలో ఓ వరస రాయికే కేటాయించింది. ఓ రోజు ఇక ఉండబట్టలేక అసలు మాట బయటపెట్టింది.

"అవసరమైతే రెండు మార్కులు కలపరాదూ?"

"అమ్మా! నేను కలిపితే రేపు పంపుహౌసు కుంగిపోతుంది. లోపలున్న మనుషులు పోతారు. నోటికొచ్చినట్టు మాట్లాడమాక."

"అబ్బో. పదో తరగతిలో నీకు లెక్కల సారు కలపలా?"

"కలపలేదు!"

"సర్లే, కలపలేదులే" అంది. ఆ 'లే' విన్న దగ్గర్నించీ నా పదో తరగతి మీద నాకే నమ్మకం పోయింది.

పెట్టెలు వచ్చాయి. కోర్లు తెల్లగా, మైనం పూతతో, పెళ్లికి సున్నం కొట్టిన అరుగుల్లా ముద్దొచ్చాయి. మావయ్య ఇంత నేర్పరి అని నాకు తెలియదు. కానీ ఒక పెట్టెలో మోచేతంత ఖాళీ ఉంది. రిగ్గు వాళ్ల కాగితంలో ఆ లోతు దగ్గర 'కోరు దొరకలేదు' అని రాసుంది. అంటే అక్కడ రాయి నిలవలేదని, పిండిపిండిగా నలిగి బోరు నీళ్లలో కొట్టుకుపోయిందని అర్థం. తీరా చూస్తే అది సరిగ్గా పంపుహౌసు పునాది కూర్చునే లోతు. సారు ఆ ఖాళీ వంక చానాసేపు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

ముందు రసాయన పరీక్ష. ఓ ముక్క మీద మైనం చెక్కేసి, పొడి చేసి, తూచి, కొలిమిలో ఎర్రగా కాల్చి మళ్లీ తూస్తాం. ఎంత తగ్గిందో దాన్నిబట్టి రాతిలో ఏముందో కొంత తెలుస్తుంది. మా రాయి తగ్గాల్సిన దానికన్నా బాగా తగ్గింది. గిన్నె మూత మసిబారింది.

"కర్బనమా?" అన్నాడు సారు. "మన వైపు షేలులో ఇంతా?"

కర్బనం ఎక్కువున్న నల్ల షేలంటే మాకు భయం. దాంతోపాటు గంధకం కూడా ఉంటుందేమో, ఉంటే కాంక్రీటుని లోపల్లోపలే తినేస్తుందేమో అని. పైన ఆ ఖాళీ, కింద ఈ మసి. రెండూ కలిపి చూస్తే ఎవరైనా ఒకటే రాస్తారు, ఈ చోటు వద్దు, ఇంకో చోటు చూసుకోండి అని. ఆ ఇంకో చోటు కూడా లిఫ్టు కట్టేవాళ్లు చూసే పెట్టుకున్నారు, కొండకి అవతల. అక్కడ కడితే నీళ్లు మా గట్టు ఎక్కవు.

నేను ఇంకో ముక్క పెట్టి చూస్తానన్నాను. ముందు తడి ఆరడానికి ఓవెన్లో పెట్టాను. కాసేపటికి తలుపు తీస్తే గుప్పుమని ఓ వాసన. అది ల్యాబు వాసన కాదు. అది సమాధుల పండగ వాసన. ప్రతి ఏడూ మా నాన్న సమాధి మీద కొవ్వొత్తులు వెలిగిస్తాం. గాలికి ఆరిపోతుంటే అమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చుంటుంది. అదిగో, ఆ వాసన. ఏడుపొచ్చినంత పనయింది. ఆ తర్వాత బుర్ర పనిచేసింది. సమాధుల పండగ వాసన షేల్లోంచి ఎందుకొస్తుంది?

ముక్కని భూతద్దం కింద పెట్టాను. పొరల సందుల్లోకి మైనం దిగిపోయి ఉంది. మొదటి ముక్క చెక్కే హడావిడిలో చూసుకోలేదు గానీ, ప్లాస్టిక్ జాడే లేదు. మైనంలో ఓ తెల్లటి దారప్పోగు. అది కొవ్వొత్తి వత్తి. ఇంకో చోట గులాబీరంగు మైనం. మా గుడిలో క్రిస్మస్‌కి వెలిగించే కొవ్వొత్తిది.

ఫోను తీశాను.

"మావయ్యా, రాళ్లకి ఏం పూశావు?"

"మైనం."

"ఏ మైనం?"

"నువ్వు పంపిన డబ్బా అటక మీద భద్రంగా ఉందిలేవే. మూతకి వేసిన టేపు కూడా తియ్యలా."

"మరి?"

"ఉత్త మైనం ఎందుకని... గుడిలో దీవించిన కొవ్వొత్తుల ముక్కలు సంచీడు పోగయి ఉంటే..."

"ప్లాస్టిక్ చుట్టి ఉండాలే? అదేమైంది?"

"తీసేశా."

"ఎందుకు తీశావు మావయ్యా!" అని అరిచాను. బయట టీ తాగుతున్న వాళ్లు కూడా లోపలికి తొంగిచూశారు.

"అరవమాకే. మధ్యలో ప్లాస్టిక్ అడ్డముంటే దీవెన రాయికి ఎట్టా తగులుద్ది?"

దీనికి నేను చదివిన ఏ పుస్తకంలోనూ జవాబు లేదు. ఫోను పెట్టేసి ముందు నవ్వాను. తర్వాత ఏడ్చాను. ఎందుకంటే ఆయన మొత్తం పెట్టెలన్నిటికీ అదే పని చేశాడు. కొవ్వొత్తి మైనం పొరల్లోకి దిగిన రాయికి రసాయన పరీక్ష పనికిరాదు. బలం పరీక్ష కూడా పనికిరాదు, పొరల్ని మైనం అతికించేసింది గదా. పూత సరిగ్గా పడని ముక్కలు షెడ్డు వేడికి అప్పటికే పేలికలై ఉన్నాయి. రెంటచింతల మే నెలలో, రేకుల షెడ్డులో, ఆ మైనం ఎన్నిసార్లు కరిగి ఎన్నిసార్లు గడ్డకట్టిందో ఆ దేవుడికే తెలియాలి.

సారుకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వలేదు. "రిగ్గు ఆ పని ముగించుకుని వెళ్లిపోయింది. మళ్లీ బోరు దించమంటే కట్టేవాళ్లు వినరు, చేతిలో ఇంకో చోటు ఉండనే ఉంది. నమూనా చెడింది, చోటు అనుమానం అని రాయాలి. సోమవారం పంపించాలమ్మా" అన్నాడు. కుర్చీ ఎత్తుకుని తన గదిలోకి వెళ్లిపోయాడు. నా పక్కన కుర్చీ లేకపోవడం చానా బాధనిపించింది.

కొవ్వొత్తుల సంగతి అమ్మకి ఫోన్లో చెప్పాను గానీ, చోటు పోయిందని చెప్పడానికి నోరు రాలేదు. ఎదురుగానే చెబుదామని ఆదివారం ఊరికెళ్లాను. నేను గుడి నుంచి వచ్చేసరికి అమ్మ కోడికూర వండుతూ, వసారాలో కూర్చున్న మావయ్యని తిడుతోంది. కొవ్వొత్తుల సంగతి తెలిసిన దగ్గర్నించీ అదే పనిలా ఉంది. "నోటి ముందరి నీళ్లని నీ భక్తితో తగలేసేట్టున్నావు గదయ్యా" అంటోంది. మావయ్య పాపం, తలెత్తకుండా ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు. ఆయన ఉల్లిపాయలు ఒలవడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం.

ఎలా చెప్పాలో తెలియక మంచినీళ్లు తాగుదామని వసారా మూలకి వెళ్లాను. మా ఇంట్లో ఫ్రిజ్జు ఉంది. అందులో పప్పులూ పచ్చళ్లూ ఉంటాయి. నీళ్లు మాత్రం కుండలోనే. ప్లాంటు నుంచి తెచ్చిన నీళ్లు పోసి, కింద ఇసక పరిచి, ఆ ఇసకని అమ్మ పొద్దునా సాయంత్రం తడుపుతూ ఉంటుంది. కుండ వంచి గ్లాసు పట్టాను. కుండ ఊగలేదు.

మా కుండ ఊగాలి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అది ఊగుతూనే ఉంది. చెక్కముక్క పెట్టినా, కొబ్బరిచిప్ప పెట్టినా ఊగేది. ఏం పెట్టారా అని వంగి చూశాను. తడి ఇసకలో సగం పూడి, నున్నగా, గుండ్రంగా, బూడిదరంగు రాయి. దాని ఒంటి పొడుగూ ఎర్రరంగు గీత. గీత పక్కన రిగ్గు వాళ్ల చేతిరాతలో లోతు. పెట్టెలో ఖాళీ ఉన్న లోతే.

"అమ్మా. ఇదెక్కడిది?"

"ఏది? అదా? షెడ్డులోది" అంది, గరిటె తిప్పుతూనే. "అప్పుడే బయటికి తీశారు. ఇంకా ప్లాస్టిక్ కూడా చుట్టలా. చెయ్యేసి చూద్దును గదా, ఎంత చల్లగా ఉందే! బయట నిప్పులు కురుస్తుంటే మన నేల లోపల అంత చల్లదనం ఉందని నాకేం తెలుసు. కుండ కింద పెడితే నీళ్లు చల్లబడతయ్యని కొంగులో పెట్టుకొచ్చా. ఏం, అన్ని పెట్టెల్లో ఒకటి పోతే మునిగిపోయిందా?"

"మునిగిపోయిందమ్మా" అన్నాను. "పెట్టెలు చూసి కాగితం రాసేటప్పుడు ఇది కనపడకే, అక్కడ రాయి నుజ్జయిపోయిందని రాశారు. చోటు అనుమానమని రేపు మేం రాసి పంపేస్తున్నాం. నువ్వు రోజూ జపం చేస్తున్నావే, పాసవ్వాలని, ఆ రాయికి మార్కులు తగ్గించింది నువ్వే."

అమ్మ గరిటె పక్కన పెట్టింది. పొయ్యి ఆపింది. వచ్చి గడప మీద కూర్చుంది. మావయ్య మాత్రం ఉల్లిపాయల మీంచి మెల్లగా తలెత్తాడు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"పొద్దున్నించీ నన్ను తిట్టిందంతా ఇప్పుడు ఎవరి ఖాతాలో రాయాలే చెల్లీ?" అన్నాడు.

"నువ్వు నోర్మూసుకుని ఉల్లిపాయలు ఒలువు" అంది అమ్మ. గొంతులో పస లేదు.

నేను కుండ పక్కకి దించి రాయిని ఇసకలోంచి తీశాను. తిప్పి తిప్పి చూశాను. బీట లేదు. ఒక్క పొర లేవలేదు. కొవ్వొత్తి మైనం తగలని, ఎండ సోకని, భూమిలోంచి వచ్చిన తడి వచ్చినట్టే ఉన్న ముక్క ఈ మొత్తానికీ ఇదొక్కటే. ఎండాకాలమంతా అమ్మ దీన్ని పూటపూటా తడిపి కాపాడింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని అక్కడే చతికిలబడ్డాను.

"అమ్మా, దీన్ని పరీక్ష చేయొచ్చు. ఇంకా దారుంది" అన్నాను.

అమ్మ చటుక్కున లేచి నా ఒళ్లోంచి రాయిని లాక్కుంది. "ఫెయిలయితే?"

"అయితే అవుద్ది. తెలియాలిగదా."

"వద్దే. తీసుకుపోమాక. కుండ కిందే ఉండనీ" అంది. కళ్లలో నీళ్లు. మా అమ్మ కళ్లలో నీళ్లు చూసి చానా ఏళ్లయింది. తోట మాడినప్పుడు కూడా చూళ్లేదు. రోజూ పొద్దున్నే ఆ రాయి మీద నీళ్లు పోస్తూ, ఇదే నా మిరపకి నీళ్లు తెస్తుందని అనుకుంటూ బతికిందట. లేదని తేలితే రేపు ఏం అనుకుంటూ లేవాలి అంది. జామాయిలు మొక్కల మనిషి అప్పటికే ఓసారి వచ్చి పొలం చూసిపోయాడని అప్పుడు చెప్పింది.

అన్నాలు తిన్నాక అమ్మ చీర మార్చుకుంది. "పద. ఫెయిలయ్యేదైతే నా కళ్ల ముందరే ఫెయిలవనీ" అంది.

రాయిని తడి తువ్వాలులో చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి, దాని మీద పాత చీర చుట్టి, బస్సులో అమ్మ ఒళ్లో పెట్టుకుంది. పిడుగురాళ్ల దగ్గర ఎక్కిన ఒకావిడ మర్యాదగా, "చంటిబిడ్డా అమ్మా?" అని అడిగింది. అమ్మ తడుముకోకుండా, "పరీక్షకి తీసుకుపోతున్నాం" అంది. ఆవిడ అయ్యో పాపం అని, మళ్లీ మా వైపు చూడలేదు.

సోమవారం పొద్దున సారు దాన్ని పెట్టెలోని ఖాళీలో పెట్టి చూశాడు. రెండు కొసలూ పక్క ముక్కలకి ఇట్టే అతికాయి, విరిగిన గాజు ముక్కలు అతికినట్టు. రాసున్న లోతూ కలిసింది. 'కోరు దొరకలేదు' అన్న మాటని ఎర్రగీతతో కొట్టేసి పక్కన సంతకం చేశాడు. నమూనా ఇన్నాళ్లూ ఎక్కడుందో కూడా దాచకుండా రాయాలి గదా. 'ఒక ఇంట్లో తడి ఇసకలో ఉంచబడినది' అని రాశాడు. అమ్మ వైపు చూసి, "కుండ సంగతి రాయలేదు లెండి అమ్మా" అన్నాడు. అప్పుడు నవ్వాడు. అంకెలేవీ తారుమారు కాలేదు.

కొస ముక్క పొడి చేసి కాల్చాం. ఓవెన్ తలుపు తీసి ముక్కు పెట్టి చూశాను, వేడి మట్టి వాసన తప్ప ఏం లేదు. గిన్నె మూత తెల్లగా ఉంది. తర్వాత కొన్ని ముక్కల్ని జల్లెడలాంటి డబ్బాలో వేసి, నీళ్లలో గిరగిరా తిప్పే పరీక్ష. చెడ్డ షేలు అందులోంచి బురదై కారిపోతుంది. "ఎండాకాలమంతా నీళ్లలోనే ఉందిగా, కొత్తగా తిప్పేదేంది?" అంది అమ్మ. తిప్పి తీస్తే ముక్కలు దాదాపు వేసినవి వేసినట్టే ఉన్నాయి. నీళ్లు కాస్త మసకబారాయంతే. అమ్మ నా వైపు, చెప్పానుగా అన్నట్టు చూసింది.

మిగిలింది బలం. కోరుని రెండు కొసలూ చదునుగా కోసి, మిషన్లో రెండు ఇనప పలకల మధ్య నిలబెట్టాం. అమ్మని ఇనప జాలీ ఇవతల నిలబెట్టాం. బరువు ఎక్కుతోంది. తెర మీద అంకెలు పైకి పోతున్నాయి. రాయి కదల్లేదు. ఇంకా ఎక్కుతోంది. చిన్నగా చిటిక వేసినట్టు ఓ చప్పుడొచ్చింది.

"ఆపండి! మోస్తంది గదయ్యా, ఇంక చాల్లే, ఆపండి!" అని అరిచింది అమ్మ.

"ఆపకూడదమ్మా, విరిగేదాకా చూడాలి. విరిగితేనే ఎంత మోసిందో తెలుస్తుంది" అన్నాను.

ఢామ్మని పేలింది. జాలీకి రాతిముక్కలు తగిలి కిందపడ్డాయి. అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సారు అంకె చూశాడు, ఇంకోసారి చూశాడు, కుర్చీలో వెనక్కి వాలాడు. "పంపుహౌసు దీని మీద వేసే బరువుకన్నా చానా ఎక్కువే మోసిందమ్మా. పైన వదులుగా ఉన్నది తీసేసి, కాస్త లోతుకి పోయి, ఆరకముందే కాంక్రీటు వేసేస్తే దిగుల్లేదు. చోటు మంచిదే అని రాస్తా."

నేను ఎగిరి గంతేశాను. అమ్మ మాత్రం వంగి ముక్కలు ఏరుకుంటోంది, కొంగులోకి. ఇసుమంత పలుకుని కూడా వదల్లేదు.

"పాసయింది గదమ్మా! ఏడుస్తావేంది?"

"పాసైన బిడ్డని చంపారు గదే" అంది.

సారు లేచి వెళ్లి, మూల పడిన రెండు ముక్కలు తనే వెతికి తెచ్చి ఆమె కొంగులో వేశాడు.

ఇదంతా అయ్యి కొంతకాలమైంది. పంపుహౌసు పని ఇంకా మొదలుకాలేదు. ఎప్పుడు మొదలవుతుందో కాంట్రాక్టరుకే తెలియాలి. రిపోర్టు మంచిదైనంత మాత్రాన రేపే నీళ్లు రావమ్మా అని చెబితే, "నాకు తెలవదా, నువ్వు నాకు చెప్పొచ్చావు" అంది. జామాయిలు మనిషికి మాత్రం ఆ సాయంత్రమే బస్టాండులోంచి ఫోను చేసి, మళ్లీ మా గట్టెక్కొద్దని చెప్పింది. అతను ఏదో నచ్చజెప్పబోతే, అతన్నీ అతని మొక్కల్నీ కలిపి తిట్టింది. ఉన్న బోరు నీళ్లకి సరిపడా కాస్త మిరప పెట్టింది. మావయ్య అటక మీది మైనం డబ్బా నాకు తిరిగి పంపాడు, టేపు తియ్యకుండా. అందులో ఓ కొవ్వొత్తి కూడా పెట్టాడు.

మొన్న వెళ్లినప్పుడు కుండ మళ్లీ ఊగుతోంది. ఆ ముక్కలేవమ్మా అంటే నన్ను పొలానికి తీసుకెళ్లింది. లిఫ్టు నీళ్లు వచ్చి పడేది పొలానికి ఎగువన ఉన్న మూలకే అని ఎవరో చెప్పారట. అక్కడ, గట్టు మీద, చిల్లుపడిన సత్తుగిన్నెలో ఇసక పోసి ఉంది. ఇసకలో మా రాయి ముక్కలన్నీ పక్కపక్కన గుచ్చి ఉన్నాయి. అమ్మ ఇంటి దగ్గర్నించి సీసాలో తెచ్చుకున్న తాగేనీళ్లని చెంబులోకి వంచి ఆ ఇసక మీద పోసింది. రోజూ ముందు ఇక్కడికొచ్చి ఇది పోసి, తర్వాత మిరప మొక్కల్ని తిట్టడానికి పోతుందట.

"అది ఎట్టాగూ విరిగిపోయిందిగా అమ్మా. ఇంక తడిపితే ఏంది, తడపకపోతే ఏంది?"

"ఆరితే పొరలు పొరలుగా పోద్దని నువ్వేగా చెప్పావు" అంది. "ఆ నీళ్లొచ్చేదాకా ఆరనివ్వను. అవి వచ్చినాక అదే తడుస్తది."

చెంబు తీసుకుని, సీసాలో మిగిలినవి నేనూ పోశాను. గిన్నెలో ఓ పక్కకి పోయలేదని అమ్మ నా చేతిలోంచి చెంబు లాక్కుని, అడుగున ఉన్న కాసినీ తనే పోసింది.